కుడి చెవి ప్రయాణికులది, ఎడమ చెవి ఊరివారిది

నా కళ్ళముందే ఒక పొరపాటు శాస్త్రంగా మారుతున్నది కనుక ఈ సంగతి రాయవలసి వచ్చింది. లేకపోతే, ఉద్యోగ విరమణ చేసిన టికెట్టు తనిఖీదారు తన అనుభవాలు రాసి పదిమందిని విసిగించరాదన్నది నా స్థిరాభిప్రాయం. నా తోటి ఉద్యోగులు కొందరు ఆ పని చేశారు. చదివాను. అందువల్లనే ఆ అభిప్రాయం ఏర్పడింది.

నంద్యాలలో నెలకొక ఆదివారం కొందరు యువతీయువకులు ఒకచోట చేరుతారు. కొండలెక్కి వచ్చినవారు, రైళ్ళలో దేశం చుట్టి వచ్చినవారు తమ అనుభవాలను, దారిలో తోటి ప్రయాణికులు చెప్పిన కథలను పంచుకొంటారు. సభ చెప్పిన వేళకు ఎన్నడూ మొదలుకాదు. నేను మాత్రం చెప్పిన వేళకే వెళ్ళి, ఖాళీ కుర్చీలను వరుసలో సర్ది, మొదటి వరుసలో కూర్చుంటాను.

మొన్నటి సభలో ఒక అమ్మాయి నల్లమలలో తాను ఎక్కిన కొండను గురించి చెప్పింది. కొండపైన చిన్న పల్లె, పల్లెలో ఆంజనేయస్వామి గుడి. బయటినుంచి వచ్చినవారు స్వామి కుడి చెవిలోనే తమ కోరిక చెప్పాలట. ఎడమ చెవి ఊరివారికి మాత్రమేనట. "ఇది వేల ఏళ్ళ నాటి ఆచారం" అన్నది ఆ అమ్మాయి. కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రుడు అని వివరించింది. వెనుకనుంచి ఒక యువకుడు లేచి ఇందులో శబ్దతరంగాల విజ్ఞానం కూడా దాగి ఉన్నదన్నాడు. సభ మొత్తం తలలూపింది.

నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, ఆ ఆచారానికి వేల ఏళ్ళు లేవు. ఆ విగ్రహం అడవికి వెళ్ళిన రైలులో డ్యూటీలో ఉన్నది నేను. కుడి చెవి దగ్గర వరుస పెట్టించినది నేను."

సభ ఫక్కున నవ్వింది. "పెద్దాయన జోకులు బలే చెప్తాండాడప్పా!" అని ఎవరో అన్నారు. నేను నా జీవితంలో జోకు చెప్పి ఎరుగను. అందువల్ల యువ మిత్రులారా, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ఆనాడు నాకు నంద్యాల నుంచి తూర్పుగా నల్లమలలోకి వెళ్ళే ఉదయపు పాసింజరులో డ్యూటీ. ఎండాకాలం. అయినా కోటు గుండీలన్నీ పెట్టుకొనే ఉన్నాను. ఆ రైలు గార్డు నాకు చిరకాల మిత్రుడు, చొక్కా పైగుండీ ఏనాడూ పెట్టుకోని మనిషి. నన్ను చూడగానే, "వచ్చినావా సామీ! ఇంగ ఇంజను గూడ అటెన్షన్లో నిలబడతాది" అన్నాడు. నేను గడియారం చూసుకొన్నాను. డ్యూటీ వేళ నేను స్నేహితుడిని కాను.

జనరల్ పెట్టె చివర, తలుపు పక్కన, ఒక పెద్ద గోనెమూట కనబడింది. చుట్టూ నలుగురు మనుషులు కాపలా కూర్చున్నట్టు కూర్చున్నారు. వారిలో ఒకడు వేళ్ళ సందుల్లో రాతిదుమ్ము ఇంకిన యువకుడు.

"ఏమిటిది?" అని అడిగాను.

"రాయి సార్."

"ఏ రాయి?"

"ఇప్పటికి రాయే సార్. పొద్దు గూకేలోపల దేవుడయితాడు."

ఇటువంటి సమాధానాలను సహించే అలవాటు నాకు లేదు. అయితే ఆ యువకుడు నేను అడగకముందే లగేజీ రసీదు తీసి చూపాడు. రసీదు సక్రమంగా ఉన్నది. రాతికి రసీదు తీసుకొన్న ప్రయాణికుణ్ణి నేను అంతకుముందు చూడలేదు. అతనిమీద నాకు గౌరవం కలిగి, వివరం చెప్పమన్నాను.

అతడు ఆళ్లగడ్డ శిల్పి. మూటలో ఉన్నది ఆంజనేయ విగ్రహం. కూర్చుని నేరుగా మన ముఖంలోకి చూస్తున్న భంగిమ. అక్కడి పనిలో ఒక పద్ధతి ఉన్నది. ముక్కు, నోరు, చెవులు, తోకతో సహా అంతా కొట్టంలోనే చెక్కుతారు. కళ్ళు మాత్రం చెక్కరు. ప్రతిష్ఠ జరిగే చోటనే, ఆఖరున, శిల్పి ఉలితో కళ్ళు తెరుస్తాడు. అంతవరకు అది రాయి. దానికి మొక్కరు. తాళ్ళు కట్టి లాగవచ్చు, ఆనుకొని నిద్రపోవచ్చు.

"ఆ కొండమీదోళ్ళు ఒక మాట పెట్టినారు సార్," అన్నాడు శిల్పి. "తొలి మొక్కు వాళ్ళదే కావాలంట. ముందర ఎవురో పుణ్యాత్ముడు టౌన్లో మూడు వీధులు ఊరేగించి ఒక సామిని పంపిచ్చినాడంట. దావపొడుగునా అందురూ మొక్కినారంట. ఈళ్ళ కాడికి వచ్చేతలికి సామి అలిసిపోయినాడంట. ఒక్క వాన పడల్యా. అందుకే ఈతూరి దావలో ఎవురన్నా మొక్కినారని తెలిసిందో, తిరిగి ఎత్తుకోని పొమ్మన్నారు."

"ఎత్తుకొని పోతే నీకు కలిగే నష్టమేమిటి?"

"మా అన్న కొట్టంలోంచి బయటికొచ్చి సొంతంగా చేసిన మొదటి సామి సార్ ఇది. 'నీ చేతి దేవుడు యాడ నిలబడతాడో నేనూ చూస్తా' అన్నాడు మా అన్న. వాళ్ళు వద్దన్నారనుకో, మళ్ళా ఆయప్ప కొట్టంలో ఉలులు సానబట్టుకుంటా కూసోవాల, బతికినన్నాళ్ళు."

మూట తాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో నేనే స్వయంగా లాగి చూశాను. గట్టిగానే ఉన్నాయి.

అయితే రైలు బొగదలోకి, అంటే కొండను తొలిచిన సొరంగంలోకి, ప్రవేశించింది. ఆ రోజుల్లో ఆ పెట్టెలో దీపాలు లేవు. చీకట్లో పెట్టె ఒక్కసారి గట్టి కుదుపుకు లోనైంది. ఏదో జారిన శబ్దమైంది. రైలు బొగద దాటి వెలుతురులోకి వచ్చేసరికి, గోనె నడుముదాకా జారిపోయి ఉన్నది. కిటికీ గోడకు ఒక పక్కగా ఆనుకొని, వరిగడ్డి మధ్యన, కళ్ళు లేని ఆంజనేయస్వామి పెట్టెలోని జనానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

మొదట చూసినది ఉయ్యాలవాడ నుంచి కూతురింటికి పోతున్న ఒక అవ్వ.

"ఓయమ్మో! ఆంజనేయసామి రైలెక్కినాడే!"

అంటూనే ఆమె సంచిలోంచి కొబ్బరికాయ తీసింది. కిటికీ ఇనుపకమ్మీకి గురిచూసింది. శిల్పి కెవ్వున అరిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కాయ నా మణికట్టుకు తగిలింది. ఆ కాయ పగలలేదని మాత్రం ఇక్కడ స్పష్టం చేస్తున్నాను.

"ఆగండి! ఇది దేవుడు కాదు, లగేజీ. దీనికి రసీదు ఉన్నది. కళ్ళు తెరవనంతవరకు దీనికి మొక్కడం చెల్లదు" అని ప్రకటించాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "కండ్లు ల్యాకుంటే ఏమప్పా? చెవులుండాయి గదా! ఇనపడతాది గదా ఆయప్పకు!"

నా ఉద్యోగ జీవితంలో ఎందరో నాతో వాదించారు. పోలీసు అధికారులు వాదించారు, గణితం మాస్టర్లు వాదించారు. ఇంత సూటియైన వాదం నేను ఎన్నడూ వినలేదు. శిల్పి నా చెవిదగ్గరకు వచ్చి, "చెవులు బాగా లోతుగా చెక్కినా సార్," అన్నాడు.

సరిగ్గా అప్పుడే రైలు సిగ్నలు లేక అడవి నడుమ ఆగిపోయింది. సంగతి పక్క పెట్టెలకు పాకింది. పట్టాలమీదికి దిగి జనం మా పెట్టెలోకి ఎక్కసాగారు. స్వామికి ఏదో ఒకటి చెప్పుకోనిదే ఎవరూ కదిలేటట్టు లేరు. ఇంకొంత సేపు అలాగే విడిచిపెడితే తోపులాటలో విగ్రహం దొర్లి చెయ్యో తోకో విరగడం ఖాయం. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. అది సరియైనదేనని నేటికీ నమ్ముతున్నాను.

"టెంకాయ లేదు. కుంకుమ లేదు. కర్పూరం అసలే లేదు. చెప్పుకోదలచినవారు వరుసలో వచ్చి, చెవిలో ఒక్క మాట చెప్పి, అవతలి తలుపుగుండా దిగిపోవాలి. చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఎవరూ ముట్టుకోరాదు."

శిల్పి లబోదిబోమన్నాడు. "చెవిలో చెప్పుకుంటే మొక్కినట్టు గాదా సార్?"

"మొక్కడమంటే చేతులు జోడించడం. చేతులు వెనకాల ఉండగా జోడించడం అసాధ్యం," అన్నాను.

ఆ వరుసను మీరు చూసి ఉండవలసింది. బడిపిల్లల మాదిరి చేతులు వెనక్కి కట్టుకొని పెద్దపెద్ద మీసాలవారు నిలబడ్డారు. నంద్యాలలో పరుపులు కుట్టి అమ్మే ఒక సాయిబు, చుట్టచుట్టిన కొత్త పరుపు పక్కన పెట్టుకొని కూర్చున్నవాడు, అడగకుండానే నాకు సహాయానికి వచ్చాడు. "ఓ రెడ్డీ, చేతులెనక్కి! ఎంత పెద్దమనిషైతే ఏంది, లైన్లో రా! అక్కా, బిడ్డను చంకకు మార్చు, ఆ చెయ్యి గూడ ఎనక్కి!"

అవ్వ మొదటిది. ఆమెకు తన గొంతు తనకు వినబడదు కనుక స్వామికీ వినబడదనుకొన్నది. "సామీ! నేను సీరియల్ చూస్తాంటే నా కోడలు టీవీ బంద్ చేస్తాంది! దానికి బుద్ధి చెప్పు!" అన్న కేక ఇంజనుదాకా పోయింది. ఆమెకు తోడుగా వచ్చిన ఆ కోడలు అదే వరుసలో, నాలుగడుగుల వెనుక నిలబడి ఉన్నది. తన వంతు రాగానే ఆమె స్వామి చెవిలో చాలాసేపు గుసగుసలాడింది. అవ్వ, "ఏం చెప్తాందప్పా అది? ఏం చెప్తాంది?" అని నన్ను అడిగింది. అది నా పరిధిలోని విషయం కాదన్నాను.

పాములపాడు రైతు ఒకడు జబ్బుపడ్డ తన ఎద్దు త్వరగా లేచి నిలబడాలని కోరాడు. అతని వెనుకవాడు, "నాకేం వద్దు సామీ, ఊరికే పలకరిద్దామని వచ్చినా" అన్నాడు. ఒక స్త్రీ మాత్రం చెవిదగ్గర వంగి ఏదో మళ్ళీ మళ్ళీ చెప్పుకొన్నది. చివరకు కొంగుతో ముఖం తుడుచుకొన్నది. ఒక్క మాటే అన్న నియమాన్ని ఆమెకు ఎవరూ గుర్తుచేయలేదు. నేనూ చేయలేదు.

చివరకు పరుపుల సాయిబు వంతు వచ్చింది. "నేనేం అడగను సార్. ఆయనకే ఒక మాట చెప్పాల," అని వంగి, గంభీరంగా, "పైలం అయ్యా, ప్లాట్‌ఫారం శానా తగ్గులో ఉంటాది, చూసుకోని దిగు" అన్నాడు.

దిగవలసిన స్టేషను వచ్చింది. అక్కడ రైలు ఆగడం, ఆగినట్టు తెలియడం, బయలుదేరడం దాదాపు ఏకకాలంలో జరుగుతాయి. సాయిబు మెరుపులా తన పరుపును ప్లాట్‌ఫారం మీదికి విసిరాడు. "దీని మీదికి దించండప్పా, రాయి పగులుతాది!" నలుగురూ విగ్రహాన్ని ఎత్తారు. కొందరు తల ముందంటే, కొందరు కాళ్ళు ముందన్నారు. క్రమం తప్పుతున్నదని గమనించి నేను కిందికి దిగి, "పీఠం ముందు! తల తరువాత!" అని ఆదేశించాను. స్వామి పరుపుమీద క్షేమంగా ఆసీనుడయ్యాడు.

తలెత్తి చూసేసరికి రైలు కదులుతున్నది.

నేను పరుగెత్తలేదు. టికెట్టు తనిఖీదారు తన రైలు వెనుక తానే పరుగెత్తడం చూడదగిన దృశ్యం కాదు. నడక వేగం పెంచాను. అది చాలలేదు. చివరి పెట్టెలో పచ్చజెండా పట్టుకొన్న నా మిత్రుడు, నేనేదో కార్యార్థినై దిగానని భావించి, ఎన్నడూ లేనిది నాకు సెల్యూట్ చేశాడు. తలుపు దగ్గర వేలాడుతూ సాయిబు అరిచాడు: "సార్! నా పరుపు! పరుపు మీ పూచీ సార్!"

తిరుగు రైలు మరునాడే. స్టేషను మాస్టరు కుర్చీ చూపి, కూర్చోమన్నాడు. కానీ శిల్పి నా చెయ్యి పట్టుకొన్నాడు. "సార్, పైన వాళ్ళు అడుగుతే నా మాట నమ్మరు. మీరు కండ్లారా చూసినారు. మీరొచ్చి చెప్పండి సార్." పైగా నా పూచీలో ఉన్న పరుపు స్వామితోబాటు కొండకు పోతున్నది. వెదుళ్ళకు కట్టి మోసేటప్పుడు రాయి ఒరుసుకోకుండా కింద అదే వేశారు. నేను బయలుదేరక తప్పలేదు.

ఈనాడు మీరు కొండలెక్కడానికి ప్రత్యేకమైన బూట్లు, సంచులు, ఊతకర్రలు కొంటున్నారు. నేను నల్లకోటుతో, మెరుగుపెట్టిన తోలుబూట్లతో నల్లమల ఎక్కాను. మొదటి వాగులోనే బూట్ల మెరుగు పోయింది. మోసేవారి అడుగులు కలవడంలేదని, "ఎడమ, కుడి, ఎడమ" అని చెప్పసాగాను. ముందున్నవాడు కాసేపు ఓర్చుకొని, "సార్, నువ్వట్ల చెప్తాంటే మాకు అడుగు తప్పుతాంది. రవ్వంత గమ్మునుండు" అన్నాడు. గమ్మునున్నాను. అడుగులు కలిశాయి.

కొండ సగంలో గొర్రెలు కాస్తున్న ఒకాయన పొదలమధ్య నల్లకోటును చూసి ఎలుగుబంటి అనుకొని, "ఎలుగొడ్డు! ఎలుగొడ్డు!" అని కేకలు పెడుతూ పైకి పరుగెత్తాడు. కోటు విప్పమని అందరూ నన్ను బతిమాలారు. డ్యూటీ ముగియలేదు కనుక విప్పలేదు.

ఆ కారణంగా మేము పల్లె చేరేసరికి జనం కర్రలతో సిద్ధంగా ఉన్నారు. నన్ను దగ్గరగా చూసి కర్రలు దించారు గాని, వారి అనుమానం ఇంకొకవైపు తిరిగింది. తలపాగా చుట్టిన ఊరిపెద్ద శిల్పిని నిలదీశాడు.

"ఏందప్పా, సామిని తెమ్మంటే వకీలును తెచ్చినావే? ఏదో తేడా జరిగుంటాది."

"వకీలు గాదు పెద్దయ్యా, రైలు సారు."

"రైలు సారుకు ఈడేం పని? యాడన్నా పట్టాలుండాయా?" అని ఊరిపెద్ద నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సామీ. దావలో ఎవురన్నా మొక్కినారా?"

శిల్పి నావైపు చూశాడు. ఆ చూపులో అన్నగారి కొట్టం, సానరాయి, ఉలుల వరుస నాకు స్పష్టంగా కనబడ్డాయి. మొక్కలేదు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. అది అబద్ధం కాదు. కానీ సగం చెప్పిన సాక్ష్యం చిరిగిన టికెట్టు వంటిదని నా నమ్మకం.

"ఎవరూ మొక్కలేదు. కాయ పగలలేదు. కుంకుమ పడలేదు. చేతులు జోడించలేదు. అయితే చెవిలో మాటలు చెప్పుకొన్నారు," అన్నాను.

శిల్పి అక్కడే కూలబడ్డాడు. జనంలో గగ్గోలు లేచింది. "అట్లయితే చెవులు నిండిపోయినాయి గదా! ఇంగ మన మాట యాడ పడతాది?" అన్నది ఒక ఆడమనిషి. "మళ్ళా అలిసిపోయిన సామేనా మనకు!" అన్నాడు ఇంకొకడు. ఊరిపెద్ద తలపాగా తీసి దులిపి మళ్ళీ చుట్టుకొన్నాడు.

"శానామంది చెప్పినారా?"

"రైలు నిండా."

"రెండు చెవుల్లోనూనా?"

ఆ ప్రశ్నతో నా బుర్రలో దీపం వెలిగింది. "లేదు! రెండో చెవి కిటికీ గోడకు ఆనుకొని ఉన్నది. అటువైపు మనిషి దూరే సందు లేదు. వరుస పెట్టినవాణ్ణి నేనే. ఒక్క చెవిలోనే చెప్పుకొన్నారు."

"ఏ చెవి?"

"కుడి చెవి. ఎడమ చెవిలో ఒక్క మాట కూడా పడలేదు."

ఊరిపెద్ద విగ్రహం చుట్టూ ఒకసారి నడిచాడు. ఎడమ చెవి దగ్గర ఆగి, అందులోకి తొంగిచూశాడు. చిటికెనవేలుతో ఒకసారి తడిమాడు. తరువాత జనంవైపు తిరిగి తీర్పు చెప్పాడు.

"కుడిచెవి దావన పోయేటోళ్ళది. ఎడమచెవి మనది. మనది కొత్తదే. ఇంగేంది, కండ్లు తెరువు నాయనా!"

శిల్పి వాగునీటితో ముఖం కడుక్కొని వచ్చాడు. ఉలి పట్టి, స్వామికి రెండు కళ్ళూ తెరిచాడు. పొద్దు కొండవెనక్కి వాలుతున్నది. మధ్యాహ్నందాకా లగేజీగా ఉన్నవాడు నావైపు నేరుగా చూశాడు. నా చేతులు వాటంతట అవే కోటు గుండీలవైపు వెళ్ళి, గుండీలన్నీ ఉన్నాయో లేవో చూసుకొని, తరువాత జోడయ్యాయి.

"నువ్వు గూడ చెప్పుకో రైలు సారూ," అన్నాడు ఊరిపెద్ద. "కుడిచెవి, మరిచిపోవద్దు." నా వెనుక ఎవరూ లేకపోయినా వరుసలో నిలబడినట్టే నిలబడి, ఒక్క మాట చెప్పాను. అదేమిటన్నది ఈ వ్యాసానికి సంబంధించినది కాదు.

మరునాడు నంద్యాల ప్లాట్‌ఫారం మీద నేను నల్లకోటుతో, నెత్తిన పరుపుతో దిగాను. గార్డు మిత్రుడు అక్కడే ఉన్నాడు. "పరుపుకు రసీదు ఉందా సామీ?" అన్నాడు. స్టేషనంతా నవ్వింది. రైలెక్కిన స్టేషనులోనే తీసుకొన్న రసీదును కోటు జేబులోంచి తీసి చూపాను. నవ్వు ఆగింది. పై అధికారి మాత్రం, "రైలు నిన్ను వదిలిందా, నువ్వు రైలును వదిలావా?" అని చాలాకాలం అడుగుతూనే ఉన్నాడు. సాయిబు పరుపు విప్పి, దులిపి, అందులోంచి రాలిన వరిగడ్డి చూసి, "దీన్ని అమ్మను సార్, నేనే పండుకుంటా" అన్నాడు. శిల్పికి ఇప్పుడు ఆళ్లగడ్డలో సొంత కొట్టం ఉన్నది. పని ఎక్కువైన నెలల్లో వాళ్ళ అన్నే వచ్చి ఉలులు సానబడుతుంటాడని విన్నాను.

ఇక్కడితో ముగించవలసింది. అయితే ఈ వ్యాసం కోసం ఆ పెట్టెను, కిటికీని, విగ్రహాన్ని కాగితంమీద గీసి చూసుకొన్నాను. ఒక సందేహం తగులుకొన్నది. నేను స్వామికి ఎదురుగా నిలబడి వరుసను నడిపాను. ఎదురుగా నిలబడినవాడి కుడిచెయ్యి వైపు ఉన్నది స్వామికి ఎడమ చెవి అవుతుంది. ఆనాడు నేను "కుడి" అన్నది నా కుడియా, స్వామి కుడియా? ఎన్నిసార్లు గీసినా నిశ్చయం కావడంలేదు. అది నా కుడియే అయితే, ఆ ఊరివారు ఇన్నేళ్ళుగా అవ్వ కేక వేసిన చెవిలోనే చెప్పుకొంటున్నారన్నమాట. వానలు మాత్రం అక్కడ సక్రమంగానే పడుతున్నాయట.

కనుక ఆనాటి పెట్టెలో ప్రయాణించినవారు ఎవరైనా ఇది చదివితే, నా తప్పులను దయచేసి దిద్దండి. ఊరివారికి చెప్పకండి, నాకు చెప్పండి. నెలనెలా ఆ ఆదివారపు సభలో మొదటి వరుసలో ఉంటాను. ఒక్కొక్కరుగా రండి. నాకు కుడి చెవి ఈమధ్య సరిగా వినబడదు. ఎడమవైపు రండి. నా ఎడమవైపు.